పగ్గములు లేని బండి

బండి యనగానే మన మనస్సునకు మొదట తోచునవి చక్రములు, పగ్గములు. ఈ రెండును లేని బండి యొకటి కలదు. ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు కొసనున్న అలాస్కాలో, ఏటేట మార్చి నెల మొదటి శనివారమునాడు, ఆంకరేజి నగరవీథిలో అట్టి బండ్లు వరుసదీరి నిలుచును. ఒక్కొక్క బండికి ముందు కుక్కలు జంటలు జంటలుగా కట్టబడి, ఎప్పుడు కదలుదుమా యని ఎగిరెగిరి మొరుగుచుండును. వెనుక, మంచుపై జారు రెండు సన్నని పట్టెలమీద ఒక మనిషి నిలుచుండును. ఆ మనిషి చేతిలో పగ్గము లేదు. అతనికిని అన్నిటికంటె ముందున్న కుక్కకును నడుమ ఇంచుమించు ఇరువది మీటర్ల దూరము. ఆ దూరమును దాటి పోగలిగినది అతని కంఠస్వరము మాత్రమే.

ఆ స్వరమును నమ్ముకొని ఆ కుక్కలు సుమారు 1,600 కిలోమీటర్లు పోవలెను. హైదరాబాదునుండి ఢిల్లీకి రైలుమార్గమున ఎంత దూరమో, ఇదియు ఇంచుమించు అంత. నడుమ పర్వతశ్రేణి యొకటి, గడ్డకట్టిన యూకాన్ మహానది, బేరింగ్ సముద్రతీరమున ఎదురుగాలి. గమ్యము నోమ్ అను చిన్న పట్టణము. ఈ పందెమునకు ఇడిటరాడ్ అని పేరు. పందెము జరుగునది మార్చి నెలలోనే గాని, అందు గెలుపోటములు చాలవరకు అంతకు పూర్వమే, ఎవ్వరును చూడని అడవిదారులలో, ఆరేడు నెలల సన్నాహములో నిర్ణయమై యుండును. ఆ సన్నాహమును గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవింతును.

నోమ్ పట్టణమునకును కుక్కల బండ్లకును గల సంబంధము నేటిది కాదు. 1925వ సంవత్సరము జనవరిలో ఆ పట్టణమున డిఫ్తీరియా, అనగా కంఠసర్పి వ్యాధి, పిల్లలను పట్టుకొనెను. అచటి వైద్యుడు కర్టిస్ వెల్ష్ వద్ద పనికివచ్చు మందు లేకపోయెను. సముద్రము గడ్డకట్టుటచే ఓడలు రావు. ఆ చలిలో ఆనాటి విమానములు ఎగురలేవు. మందును రైలులో నెనానా వరకు చేర్చి, అచటినుండి 674 మైళ్ళు, అనగా సుమారు 1,085 కిలోమీటర్లు, ఇరువదిమంది బండివారు ఒకరి చేతినుండి ఒకరు అందుకొనుచు, అయిదున్నర దినములు గడువకముందే నోమ్ చేర్చిరి. అందు మిక్కిలి దీర్ఘమైన, ప్రమాదకరమైన భాగము లియొన్‌హార్డ్ సెప్పాలాది. అతని బండికి ముందు నడచిన టోగో అను కుక్కకు అప్పటికి పండ్రెండేండ్ల వయస్సు. కడపటి భాగమున గున్నార్ కాసెన్ మంచుతుపానులో చిక్కుకొని, తన కుక్కలు తనకే కానరాని స్థితిలో బాల్టో అను కుక్క తెలివిని నమ్మి ముందునకు సాగెను. ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున మందు నోమ్ చేరెను.

అటుపిమ్మట విమానములు వచ్చెను. 1960 ప్రాంతముల నుండి మంచుమీద నడచు మోటారుబండ్లు పల్లెపల్లెకును ప్రవేశించెను. ఇండ్లముందు కుక్కలు కట్టియుండు కొయ్యలు ఒక్కటొక్కటిగా ఖాళీ అయ్యెను. ఈ విద్య తన కండ్లముందే నశించుచున్నదని చింతించిన జో రెడింగ్టన్ అను నతడు మరికొందరితో కలిసి 1973లో ఆంకరేజినుండి నోమ్ వరకు మొదటి పందెమును నడిపించెను. దానిని గెలిచిన డిక్ విల్మార్త్‌కు ఇరువది దినములు పట్టెను. 2017లో, మంచు చాలనందున పందెము ఫెయిర్‌బాంక్స్ నుండి ప్రారంభమైన యేడు, మిచ్ సీవీ ఎనిమిది దినముల మూడు గంటల చిల్లరలో నోమ్ చేరెను. బాట బాగుపడుట ఇందుకు కొంత కారణము. కాని కుక్కకు ఏమి పెట్టవలెను, ఎప్పుడు ఆపవలెను, దాని పాదమును ఎట్లు కాపాడవలెను అను మూడు సంగతులను మనుష్యుడు నేర్చుకొనుట ముఖ్యమైన కారణము.

ఈ పందెమునకు వచ్చు కుక్కలు చిత్రములలో కనిపించు దట్టమైన బొచ్చుగల భారీ కుక్కలనుకొందుము. అట్లు కాదు. చాలవరకు ఇవి అలాస్కా హస్కీలనబడు మిశ్రమజాతివి. సన్నని నడుము, పొడవైన కాళ్ళు, ఇరువది మొదలు ఇరువదైదు కిలోల బరువు. వీని యెంపికలో రూపమునకు విలువ లేదు. చూడవలసినవి మూడు. పాదములు గట్టివా? ఆకలి మంచిదేనా? లాగుట యందు ఇష్టము కలదా? ఈ మూడవది నేర్పిన వచ్చునది కాదు. ఇష్టములేని కుక్కను తోలి వేయి మైళ్ళు తీసికొనిపోగల మొనగాడు లేడు. లేతవయస్సులోనే పిల్లకు మెత్తని పట్టీలు తొడిగి, అనుభవముగల పెద్ద కుక్క ప్రక్కన కట్టుదురు. ఆ పట్టీలు మన కాడివలె మెడపై బరువు మోపవు; రొమ్మునను భుజములమీదను భారమును పంచును. కొలత ఏ మాత్రము తప్పినను చర్మము ఒరసుకొని పుండు పడును గనుక, ఒక్కొక్క కుక్కకు ఒక్కొక్క కొలత.

అభ్యాసము ఆగస్టు, సెప్టెంబరు నెలలలో, మంచు ఇంకను పడకముందే ఆరంభమగును. మంచుబండికి బదులు నాలుగు చక్రముల చిన్న మోటారుబండికి కుక్కలను కట్టి లాగింతురు. మొదటి దినములలో అయిదారు కిలోమీటర్లకు మించి పోనీయరు. అదియు తెల్లవారుజామున గాని, రాత్రిగాని. ఏలయన కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. నాలుక వెలికి జాపి రొప్పుటయే దాని చల్లదనము. మనకు హాయిగా నుండు పదునైదు డిగ్రీల వేడిమి కూడ లాగుచున్న కుక్కకు ప్రమాదము కాగలదు. చలి సున్నకు దిగువ ఇరువది డిగ్రీలైనప్పుడే వానికి పరుగు సుఖము. వారము వారమునకు దూరము పెరుగుచు, డిసెంబరు నాటికి ఒక్క పరుగున ఎనుబది, తొంబది కిలోమీటర్లగును. పందెపు నాటికి చాలమంది తమ కుక్కలచేత 2,400 మొదలు 3,200 కిలోమీటర్ల అభ్యాసము చేయింతురు. పందెపు దూరమును ఒక్కసారి పోవుటకు, దానికి ఒకటిన్నర రెట్లు, ఒక్కొక్కప్పుడు రెండు రెట్లు ముందే నడచి యుండవలెనన్న మాట.

తొందరపడి దూరము పెంచిన యెడల కండరము లాగినను కీలు మాత్రము ఓర్వదు. ముంగాలి మణికట్టు వాచును. అనుభవములేని వారు చేయు మొదటి తప్పు ఇదే. కుక్క ఉత్సాహమును చూచి మోసపోవుదురు. ఉత్సాహము దానికి ఎల్లప్పుడును ఉండును. బలము నెమ్మదిగా వచ్చును.

కట్టుటలోను క్రమమున్నది. నడిమి త్రాడు పొడవునకు ఇరుప్రక్కల జంటలు. అన్నిటికి ముందు నాయకకుక్క ఒకటిగాని, రెండుగాని. వాని వెనుక మలుపులలో త్రాటిని త్రిప్పుటకు తోడుపడు జంట. బండికి దగ్గరగా బలముగల జంట. చెట్టు తగులకుండ బండిని ప్రక్కకు లాగుట వీని పని. మాటలు నాలుగైదే. 'జీ' అనిన కుడికి, 'హా' అనిన ఎడమకు, 'వో' అనిన ఆగుట. అన్ని మాటలలోను ముఖ్యమైనది కడపటిదే. పరుగు నేర్పనక్కరలేదు, ఆగుట నేర్పవలెను.

నాయకకుక్క కావలసినది అన్నిటికంటె వేగముగలది కాదు. చెప్పినది వినవలెను, కాని వినరాని వేళ వినకుండ నుండగల తెలివియు ఉండవలెను. మంచుపొర పలుచనైనచోట, క్రింద నీరు ఉన్నదని తన పాదములకు తెలిసినప్పుడు, వెనుకనుండి ఎంత అరచినను మంచి నాయకకుక్క అడుగు వేయదు. అపుడు మనుష్యుడు దిగి ముందునకు పోయి చూడవలెను. ఒక్కమారు దాని మాట కాదని బలవంతముగా తోలి నీటిలో పడవేసినవానిని ఆ కుక్క మరల వెనుకటివలె నమ్మదు. పగ్గము తెగిన కొత్తది కట్టవచ్చును. నమ్మకము తెగిన ముడివేయుటకు త్రాడు లేదు. కావుననే ముందు నడచుట కుక్కకు శరీరశ్రమకంటె మనస్సునకు శ్రమయని గ్రహించి, నాలుగైదు కుక్కలకు నాయకత్వము నేర్పి, పందెమున వంతులు మార్చుచుందురు.

ఇక ఆహారము. పందెమున పరుగెత్తు ఇరువదియైదు కిలోల కుక్క ఒక్క దినమున పదివేల కాలరీలకు మించి ఖర్చుచేయును. 1990 తరువాత జరిగిన పరిశోధనలలో పదకొండువేలకు పైగా లెక్క తేలినది. దానికి రెండుమూడు రెట్లు బరువుగల మనుష్యునకు సాధారణముగా రెండు, రెండున్నర వేలు చాలును. ఇంత శక్తి గింజలనుండి రాదు, క్రొవ్వునుండి రావలెను. అందుచే పచ్చిమాంసము, సాల్మన్ చేప, జంతువుల క్రొవ్వు, ఎండుమేత కలిపి వేడినీటిలో నానవేసి పెట్టుదురు. శరదృతువునుండియే క్రొవ్వు పాలు కొంచెము కొంచెముగా హెచ్చింతురు. పందెము మొదటిదినమున క్రొత్తగా పెట్టిన కడుపు ఒప్పుకొనదు.

ఆహారముకంటె చిక్కైనది నీరు. ఎముకలు కొరుకు చలిలో కుక్క దప్పిక మరచిపోవును. ఉట్టినీరు ఇచ్చిన మూతి త్రిప్పుకొనును. కావున వేడినీటిలో మాంసపు ముక్కలు వేసి, ఆ వాసనతో త్రాగుట అలవాటుచేయుదురు. ఇట్లు త్రాగుట నేర్చిన కుక్క నోమ్ చేరును. నేర్వనిది మూడవ మజిలీలోనే కుంగును.

పాదముల సంగతి. గరుకుమంచు వ్రేళ్ళ నడుమ గోలీలవలె గడ్డకట్టి చర్మమును చీల్చును. అందులకై కుక్క కాళ్ళకు గుడ్డతో కుట్టిన చిన్న జోళ్ళు తొడుగుదురు. పదునారు కుక్కలకు అరువదినాలుగు జోళ్ళు. అరిగినవి మార్చుచు పందెమున వేయికి పైగా వాడువారు కలరు. చేతితొడుగులు తీసివేసి, వణకు వ్రేళ్ళతో ఒక్కొక్క పాదము పట్టుకొని తొడుగవలెను. జోడు బిగువైన వాపు, వదులైన ఒరిపిడి. ఈ పని వేగముగా చేయుట కూడ అభ్యాసములోని భాగమే. బండివాడు తన పిడికిలికి నేర్పుకొను విద్య యిది.

వినువారికి వింతగా తోచునది విశ్రాంతి నేర్పుట. పందెమున రమారమి ఆరు గంటలు పరుగు, ఆరు గంటలు విశ్రాంతి, ఈ వరుసను పగలు రేయి అను భేదము లేక సాగింతురు. నియమముల ప్రకారము ఒకచోట ఇరువదినాలుగు గంటలు, రెండుచోట్ల ఎనిమిదేసి గంటలు ఆగి తీరవలెను. కాని ఆగినంతమాత్రమున కుక్క నిద్రించునా? లేత కుక్క ప్రక్కదానిని చూచి మొరుగుచు, త్రాడు కొరుకుచు, గంటలు గడపును. కాబట్టి జనవరిలో రాత్రులు అడవిలోనే గడిపి, గడ్డి పరచి, ఆగగానే ముడుచుకొని పడుకొనుట అలవాటుచేయుదురు. కొన్ని నాళ్ళకు గడ్డి చప్పుడు వినగానే నిద్రకు సిద్ధమగు కుక్కలు తయారగును.

ఇందులకు శాస్త్రీయమైన ఆధారము కలదు. దినమునకు 160 కిలోమీటర్ల చొప్పున వరుసగా అయిదు దినములు పరుగెత్తిన కుక్కలను పరిశీలించి, 2005లో ప్రకటించిన పరిశోధనలో ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడెను. మొదటి పరుగుతో కండరములలోని నిలువశక్తి తరిగిపోయినది గాని, పిదప పరుగు సాగుచుండగానే ఆ నిలువ మరల పెరుగసాగెను. చక్కగా సిద్ధమైన కుక్క తన ఒడలి పద్ధతినే మార్చుకొని శ్రమకు ఒదుగును. మనుష్యునకు ఇట్టి భాగ్యము లేదు. మజిలీ చేరగానే కుక్కలు నిద్రించును. బండివాడు మాత్రము గడ్డి పరచి, జోళ్ళు విప్పి, మంచు కరగించి, వండి పెట్టి, పాదములకు లేపనము రాచి, మణికట్లు ఒత్తి, కడపట ఒక గంట కన్ను మూయును. ఎవరు ఎవరికి సేవకులో అప్పుడు తెలియును.

పందెమునకు ముందు ప్రతి కుక్కకును రక్తపరీక్ష, గుండెపరీక్ష జరుగును. ఇరువది పైచిలుకు మజిలీలకు కావలసిన ఆహారమును, జోళ్ళను సంచులలో కట్టి వారముల ముందే విమానములలో పంపవలెను. దారిలో పశువైద్యులు ప్రతి మజిలీయందును ఉందురు. బడలిన కుక్కను అచట దింపివేసి మిగిలినవానితో సాగవచ్చును. దింపిన కుక్కను విమానములో వెనుకకు చేర్తురు. అయితే అయిదు కుక్కలకు తక్కువగా నోమ్ చేరిన పందెము చెల్లదు. కావున ఒక్కొక్క కుక్కను దింపునప్పుడు బండివాని గుండెలో ఒక లెక్క జరుగును. ఇది దిగిన బలము తగ్గును. దింపకపోయిన ఏమగునో తెలియదు.

ఈ విద్యయందలి ధర్మసంకటము ఇక్కడనే ఉన్నది. కుక్క అలసితినని చెప్పదు. తోడి కుక్కలు లాగుచుండ తాను నిలువదు. ఇట్టి కఠినశ్రమలో చాల కుక్కలకు కడుపులో పుండ్లు పడుచున్నవని, పైకి ఏ గుర్తును లేకయే పడుచున్నవని పరిశోధకులు కనుగొనిరి. నివారణకు నేడు ముందుగనే మందు ఇచ్చుచున్నారు. ఇంత జాగ్రత్త ఉండియు 2024వ సంవత్సరపు పందెమున మూడు కుక్కలు మరణించెను. జంతువులను ఇట్లు పరుగెత్తించుటయే తప్పని వాదించువారు అమెరికాలోనే పెక్కురు కలరు. వారి మాటను త్రోసివేయుట సులభము కాదు. లాగుట ఆ కుక్కలకు ఆనందమనుట నిజము. ఎక్కడ ఆపవలెనో ఆ ఆనందమునకు తెలియదనుటయు నిజము. ఆ తెలివి మనుష్యుడు అప్పు ఇయ్యవలసినది. ఇయ్యలేనివాడు బండి యెక్కరాదు.

ఎంత సన్నాహమునైనను అడవి ఒక్క క్షణమున తలక్రిందులు చేయగలదు. 1985లో సూసన్ బుచర్ అను నామె గెలుపునకు తగిన జట్టుతో పోవుచుండగా మూస్ అను పెద్ద దుప్పి బాటకు అడ్డుపడి, కుక్కలపై బడి రెండింటిని చంపెను. ఆమె ఆ యేడు పందెము విడిచిపెట్టెను. మరునాటి ఏటినుండి నాలుగుసార్లు గెలిచెను. అదే 1985లో లిబ్బీ రిడిల్స్ షక్తూలిక్ అను మజిలీనుండి, తుపాను చూచి తక్కినవారు వెనుకాడుచుండగా, నార్టన్ అఖాతపు మంచుమీదికి బండి నడిపెను. చీకటి పడగా బాటగుర్తులు కానరాక, నడిమంచులో ఆపి, బండిలోనే ఆ రాత్రి గడిపెను. కుక్కలు ఒకదాని ప్రక్క నొకటి ముడుచుకొని పడుకొనెను. తెల్లవారి మరల సాగి, ఆ పందెమును గెలిచిన తొలి స్త్రీ అయ్యెను. లోకము ఆమె సాహసమును కొనియాడెను. నాకు మాత్రము ఆ రాత్రి కుక్కలు నిద్రించుటయే గొప్పగా తోచును. అంతటి గాలిలో, ఆశ్రయము లేనిచోట, ఆమె ఆగమనగానే ఆగి అవి పడుకొనెను. ఆ నిద్ర వెనుక ఎన్ని నెలల సన్నాహము ఉన్నదో!

నోమ్ పట్టణమున పందెము ముగియుచోట ఒక దీపమును వ్రేలాడదీయుదురు. మొదటివాడు వచ్చినప్పుడు దానిని తీయరు. రెండవవాడు వచ్చినను తీయరు. బాటమీద ఒక్క బండి యున్నంతవరకు ఆ దీపము వెలుగుచునే యుండును. కడపటివాడు వచ్చిన పిదపనే దానిని ఆర్పుదురు. వేగమునకు ఇచ్చు బహుమానములతోబాటు, 1925లో మందు మోసిన సెప్పాలా పేర మరియొక బహుమానము కూడ కలదు. కుక్కలను అందరికంటె చక్కగా చూచుకొన్నవారికి అది దక్కును. దానిని ఎవరికి ఈయవలెనో చెప్పువారు గడియారము పట్టుకొన్నవారు కారు. మజిలీ మజిలీయందును కుక్కల పాదములు పట్టిచూచిన పశువైద్యులు.